చాట తిరిగిన రోజు

పోయిన నెల మా మనవరాలిని ఏడో నెలలో కడపకు, పుట్టింటికి తీసుకొచ్చాం. ఆ ఆదివారం ప్రార్థన ముగిశాక ఇంటికొచ్చిన ఆడవాళ్లంతా భోజనాలు చేసి, చాపల మీద నడుం వాల్చి, కడుపులో ఉన్నది ఆడపిల్లో మగపిల్లాడో తేల్చే పనిలో పడ్డారు. మా చిన్న కోడలు తన ఉంగరాన్ని తలవెంట్రుకకు కట్టింది. దాన్ని కడుపు మీద వేలాడదీసి పట్టుకుంటే, గుండ్రంగా తిరిగితే ఆడపిల్ల, అటూ ఇటూ ఊగితే మగపిల్లాడట. ఒకామె పట్టుకుంటే తిరిగింది. ఇంకొకామె పట్టుకుంటే ఊగింది. వాదన ముదిరింది. ఇంట్లో అందరికన్నా పెద్దదాన్ని నేను గనక, నా చేతికిస్తే తేలిపోతుందని నా దగ్గరికి తెచ్చారు. నేను ఆ ఉంగరాన్ని విసిరికొట్టాను. ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు గానీ, పక్కవాటా వాళ్లు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఉంగరం మంచం కింద దొరికింది. మా కోడలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమెకు నేను ఇవ్వాల్సిన సంజాయిషీ ఇది. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

నాకు ఇలాంటివి పడవని ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఓర్వకల్లు దగ్గర మా అల్లుడు పొలంలో బోరు వేయించినప్పుడు నీళ్లు చూసే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని రాళ్ల మధ్య నడుస్తుంటే, నీళ్లున్న చోట కాయ దానంతటది నిటారుగా లేస్తుంది. నేను పోయి జీపులో కళ్లు మూసుకుని కూర్చున్నాను. కాయ లేచిన చోట బోరు వేస్తే పగలంతా తెల్లటి దుమ్ము వచ్చింది, అంతే. "కాయ లేతది. ముదురుకాయ తెమ్మంటే ఇనకపోతిరి" అన్నాడు పెద్దమనిషి. మా అల్లుడు నిజమేనన్నట్టు తలూపి, మరుసటి ఏడు ముదురుకాయ కొని సిద్ధంగా పెట్టుకుని మళ్లీ ఆయన్నే పిలిచాడు. పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే మనిషి. నేనేమీ అనలేదు. అనాలంటే ముందు మా మామ గురించి చెప్పాలి.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. కమలాపురానికి నాలుగైదు మైళ్ల దూరంలో, నాపరాళ్ల గనుల పక్కన మా ఊరు. ఊరికి ఎడంగా, సున్నం కొట్టిన చిన్న చర్చి, దాని చుట్టూ మా పేట. మా నాయన కలరాతో పోయినప్పుడు నాకు ఎనిమిదేండ్లు, మామకు పదిహేనో పదహారో. గుడ్డల మూటతో వచ్చి మా గడపలో కూర్చుని, "అక్కా, నేను ఈడనే ఉంటా" అన్నాడట. గనిలో రాళ్లు కొట్టి నన్ను కడప మిషన్ బడిలో చదివించాడు. పందొమ్మిదేండ్లకు నేను మా ఊరి బడికే పంతులమ్మగా తిరిగొచ్చాను. మామకు చదువు లేదు. కానీ రాయి ఎటు చీలుతుందో చూపుతోనే చెప్పేవాడు. నీళ్లు చల్లి, ఒక కన్ను మూసి, అంచు వెంబడి చూసేవాడు. మాకు గోడలాగా కనబడే రాతిలో ఆయనకు వెంట్రుకంత గీత కనబడేది. ఉలి అక్కడ పెట్టి కొడితే అప్పచ్చిలాగా పొర లేచొచ్చేది. ఇంత నిదానమైన మనిషికి గొంతు మాత్రం బండరాయి. ఆదివారం ఆయన పాట అందుకుంటే ముందు వరసల్లోని పిల్లలు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. పాస్టరుగారు ఒకసారి పక్కకు పిలిచి, మనసులో పాడుకున్నా దేవుడికి వినబడుతుందని మెత్తగా చెప్పారు. మామ వారం రోజులు ఆలోచించి, "మనసులో పాడితే నాకే ఇనపడ్డంలా పాస్టరయ్యా" అని మళ్లీ మొదలుపెట్టాడు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. రెండేండ్లు వరసగా వానలు లేవు. గనిలో పని ఆగిపోయింది. బడి జీతం వస్తే వచ్చింది, లేకపోతే లేదు. అయినా మా ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉండేది. మామ తువ్వాలులో మూటగట్టి జొన్నలు తెచ్చేవాడు. "యాడివి మామా?" అంటే "తిను పాపా" అనేవాడు. ఆ ఎండాకాలం ఆయనకు ఊరి శెట్టిగారింట్లో పది రోజుల పని దొరికింది. పెరట్లో నాపరాళ్లు పరచడం, జొన్నల పాతర నోటికి కొత్త బండ అమర్చడం. ఒక మధ్యాహ్నం బడి వదిలి వెనక సందులోంచి వస్తుంటే, శెట్టిగారి పెరటి వాకిట్లో మామ కనిపించాడు. ఏదో బరువైనది తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, సందులోకి అడుగు పెట్టాడు. నన్ను చూశాడు. చూసి మొహం తిప్పుకుని వేరే దారిన పోయాడు. మామ నన్ను చూసి మొహం తిప్పుకోవడం అదే మొదలు. ఇంటికొచ్చాక ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నాలుగో రోజున శెట్టిగారి కోడలి బంగారు వడ్డాణం పోయిందని ఊరంతా గుప్పుమంది.

సరిగ్గా అప్పుడే ఊళ్లో గారడీ ఆయన ఉన్నాడు. ఆదోని వైపు మనిషి. ప్రతి ఏడూ శివరాత్రికి మహానంది తిరణాలలో ఆడి, అక్కడి నుంచి ఊరూరా దిగుతూ వచ్చేవాడు. ముందు రోజు సాయంత్రమే చావడి దగ్గర ఇనుప గుండ్లు మింగి, కోడిగుడ్డును గాలిలో మాయం చేసి, ఒక పెద్దాయన తలపాగాలోంచి తీశాడు. నేను ముందు నిలబడి ఆయన చేతులనే కళ్లార్పకుండా చూశాను. చదువుకున్నదాన్ని, నేను పట్టుకోలేనా అని. గుడ్డు ఎప్పుడు పోయిందో నాకూ తెలియలేదు. ఆయన నవ్వి, "నువ్వు శానా జాగర్తగా చూస్తాండావు తల్లీ. అట్ల చూసేటోళ్లే నాకు కావాల్సింది" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని ఇంటికొచ్చి అమ్మకు చెప్పుకున్నాను కూడా.

శెట్టిగారు ఆయన్ను పిలిపించి, దొంగను పట్టే విద్య ఉందా అని అడిగారు. ఉండాదన్నాడు. ఒక రోజు గడువు అడిగి, ఆ రోజంతా జోలె పట్టుకుని ఇంటింటికీ బిచ్చానికి తిరిగాడు. మా వాకిట్లోకీ వచ్చి, "శెట్టిగారింట్లో ఎవురు తీసింటారు తల్లీ?" అని ఊరికే అడిగినట్టు అడిగాడు. నేను "నాకేం తెలుసు" అని తలుపు వేసేశాను.

మర్నాడు పొద్దున శెట్టిగారి ఇంటి ముందు ఊరంతా చేరింది. మా పేట వాళ్లం దూరంగా ఒక పక్కన నిలబడ్డాం. గారడీ ఆయన ఒక చాట తెప్పించి, దాని మందపాటి అంచులో దర్జీ కత్తెర మొనలు గుచ్చాడు. కత్తెర పిడి రెండు కళ్లను ఇద్దరు మనుషులు ఒక్కొక్క వేలి కొస మీద నిలబెట్టుకోవాలి, చాట కింద వేలాడుతూ ఉంటుంది. పేర్లు చదివినప్పుడు దొంగ పేరుకు చాట తిరుగుతుంది. "సొమ్ము పోయినోళ్ల ఇంటినుంచి ఒకరు, అనుమానం ఉండే పక్క నుంచి ఒకరు పట్టుకోవల్ల. ఇద్దరూ అబద్ధం ఆడనోళ్లు కావల్ల" అన్నాడు. శెట్టిగారి వైపు నుంచి వాళ్ల ముసలి తల్లి వచ్చింది. మేమంతా అవ్వ అనేవాళ్లం. మనుషులను అప్పటికే సరిగ్గా గుర్తుపట్టేది కాదు గానీ, చెడు ఎరగని మనిషి. మా వైపు నుంచి నన్ను రమ్మన్నాడు. మా పేట పిల్ల పట్టిన కత్తెరను తన తల్లి ఎట్లా పట్టుకుంటుందని శెట్టిగారు గొణిగితే, "ఇనుముకు అంటు లేదు సామీ" అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. పంతులమ్మ అబద్ధమాడదు అని ఎవరో అన్నారు. నాకు గర్వమే కలిగింది.

ఆ పది రోజుల్లో పెరట్లోకి వచ్చి పోయిన వాళ్ల పేర్లు పన్నెండు. గారడీ ఆయన ఒక్కొక్క పేరూ మూడుసార్లు పిలుస్తున్నాడు. మొదటి ఆరు పేర్లకు చాట కదల్లేదు. నా వేలు తిమ్మిరెక్కింది. ఏడో పేరు మామది. ఆ పేరును ఆయన నిదానంగా, రవ్వంత సాగదీసి పిలిచాడు. తిరగొద్దు ప్రభువా, తిరగొద్దు, తిరగొద్దు అని నేను లోపల మొత్తుకుంటున్నాను. నా కళ్ల ముందు పెరటి వాకిలి, చంకలో మూట, పక్కకు తిరిగిన మొహం. రెండోసారి పిలిచేటప్పటికి, గాలానికి చేప తగిలితే చేతికి తెలిసినట్టు, చాటకు ప్రాణం వచ్చింది. నేను కదిలించలేదు. అదే కదిలింది. ఒక్కసారి అదిరి, మెల్లగా, పూర్తిగా పక్కకు తిరిగింది. కత్తెర జారి కింద పడింది. జనంలోంచి లేచిన కేక నాకిప్పటికీ ఒంటిమీద తెలుస్తుంది.

అప్పటి దాకా మామ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక నుంచి ఎవరో పిడికిలితో మెడ మీద గుద్దితే మోకాళ్ల మీద పడ్డాడు. తర్వాత ఎవరు కొట్టారు, ఎవరు కొట్టలేదు అని చెప్పడం కష్టం. ఎడ్లబండి పగ్గంతో బండి చక్రానికి కట్టేశారు. చింతబరికెలు విరిగిపోతే చెప్పులతో, చెప్పులు జారితే కాళ్లతో. పదేండ్లుగా ఆయన చేత గోడలు కట్టించుకున్న మనుషులు, ఆయన తవ్విన బావిలో నీళ్లు తోడుకున్న మనుషులు. నోట్లోంచి నెత్తురు కారుతుంటే మామ అరిచాడు. "అవ్వనడగండి సామీ! జొన్నలు అడుక్కోను పోయినా, అంతే. ఇంట్లో ఆడోళ్లు పస్తుంటే పోయినా. అవ్వే పెట్టినాది!" కొట్టే చేతులు ఆగాయి. అందరూ అవ్వ వైపు తిరిగారు. శెట్టిగారు వంగి, "అమ్మా, నువ్వు ఈనికి జొన్నలు పెట్టినావా?" అని అడిగారు. అవ్వ కత్తెర గుర్తు పడిన తన వేలిని చూసుకుంటోంది. "నాకు గ్యాపకం లేదు నాయనా" అంది. తర్వాత మామ వైపు చూసి, "ఎవురప్పా ఆ పిల్లోడు? ఎందుకు కొడ్తాండారు?" అంది. దొంగతనం చేసిందే కాక ముసలామె మీద అబద్ధం కూడానా అని ఈసారి రెట్టింపు దెబ్బలు పడ్డాయి.

చెయ్యి విరగ్గొట్టమన్నది శెట్టిగారు కాదు. మా సంఘ పెద్ద. చర్చిలో మామ పక్కనే కూర్చునే మనిషి. ఈ ఒక్కడి వల్ల పేట మొత్తానికి దొంగలన్న పేరు వస్తుందని ఆయన భయం. ఊరి ముందు మన మర్యాద మనమే నిలబెట్టుకోవాలని అంటూ, రోలు దొర్లించుకుని వచ్చి, మామ కుడిచెయ్యి దాని మీద పెట్టించి, రోకలితో మూడు పోట్లు వేశాడు. మొదటి పోటుకు మామ అరిచాడు. రెండో పోటుకు అరవలేదు. మూడోది వేయాల్సిన అవసరం లేదు, అయినా వేశాడు. మా అమ్మ మట్టిలో పడి పొర్లుతోంది. నేను ఎక్కడ నిలబడ్డానో అక్కడే ఉన్నాను. గారడీ ఆయన జోలె సర్దుకుని, తల వంచుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోవడం చూశాను. వడ్డాణం ఎక్కడుందో చెప్పమని అడుగుదామన్నా మామకు అప్పటికి స్పృహ లేదు.

నలభై రోజులు చాప మీద ఉన్నాడు. కట్లు కట్టే ఆయన వెదురు బద్దలు వేసి కట్టాడు గానీ, ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంకరగా అతుక్కుంది. వేళ్లు ఇక ముడుచుకోలేదు. ఆయనకు కుదిరిన పెండ్లి తప్పిపోయింది. నేను ఆయనకు సంగటి కలిపి ముందు పెట్టేదాన్ని. ఎడమచేత్తో తినేవాడు. ఆ నెలన్నర ఆయన నాతో మాట్లాడింది పది మాటలు ఉండవు. నొప్పి వల్ల అనుకున్నాను.

రెండు నెలలకు శెట్టిగారింట్లో జొన్నలకని పాతర తెరిచారు. పైన వడ్డాణం ఉంది, అవ్వ రవికె గుడ్డలో చుట్టి. దొంగల భయానికి, అంతకు ముందు పాతర తెరిచిన పూట అవ్వే దాచి మరిచిపోయిందని చిన్నపిల్లలకైనా అర్థమయ్యే సంగతి. మా అమ్మ ఏడుస్తూ, నవ్వుతూ ఊళ్లోకి పరిగెత్తింది. సాయంత్రానికి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. ఊరు అప్పటికే దానికి జవాబు చెప్పుకుంది. పాతర మీద బండ పరిచింది ఎవరు? మామ. కనక కాజేసి, భయపడి, బండ వేసేటప్పుడు లోపల పడేశాడు. మరి అవ్వ రవికె? అది కూడా దొంగిలించాడు. బండ వేసింది వడ్డాణం పోకముందు కదా అని మా అమ్మ అడిగితే, అయితే ముందే దొంగిలించి ఉంటాడు అన్నారు. ఏ సంగతి చెప్పినా అది మామ వైపే తిరిగేది. రానురానూ చాట కథ కూడా పెరిగింది. మూడుసార్లు గిర్రున తిరిగిందని కొందరు, నిప్పురవ్వలు రాలాయని కొందరు. మామ పేరు పిలవకముందే తిరిగిందని ఒకాయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ఆ పొద్దు ప్రొద్దుటూరు సంతకు పోయి ఉన్నాడని నాకు బాగా తెలుసు. నేను కూడా వాళ్లకన్నా మంచిదాన్నేమీ కాదు. మామ దొంగ కాదని నోటితో అనేదాన్ని గానీ, చాట దానంతటది తిరగడం నా వేలికి తెలుసు. ఆ సంగతిని ఏం చేసుకోవాలో తెలియక దాని జోలికి పోవడం మానేశాను.

నాలుగేండ్లు గడిచాయి. తెల్లవాళ్లు పోతున్నారని గోడల మీద సున్నంతో రాస్తున్న ఎండాకాలం. మామ ఎడమచేత్తో సుత్తి పట్టడం నేర్చుకుని, మా ఇంటి ముందు పందిట్లో కూర్చుని రోడ్డుకు కంకర కొడుతున్నాడు. బడికి సెలవులు. అమ్మ నీళ్లకు పోయింది. మిట్టమధ్యాహ్నం ఒక మనిషి వచ్చి పందిరి బయట నిలబడ్డాడు. గారడీ ఆయన. బాగా చిక్కిపోయాడు. "నన్ను గుర్తు పట్టినావా అప్పా?" అన్నాడు. మామ కాసేపు చూసి, "కూసో" అన్నాడు. నన్ను పిలిచి నీళ్లు ఇప్పించాడు. ఆయన తాగాడు. మహానందిలో మా ఊరి యాత్రికులు కనబడి, పాతర సంగతి, చేతి సంగతి చెప్పారట. వాళ్లు నవ్వుతూ చెప్పారట. "నిద్ర పట్టక వచ్చినా అప్పా" అన్నాడు.

"ఆ పొద్దు ఏ చేత్తో చేసినావు?" అని అడిగాడు మామ. గారడీ ఆయన ప్రశ్న అర్థం కాక కుడిచెయ్యి ముందుకు చాపాడు. మామ తన వంకర చేతి మోచేతిని ఆ మణికట్టు మీద వేసి, మొత్తం బరువుతో బండ మీదికి నొక్కి, ఎడమచేతి సుత్తి దించాడు. చూపుడు వేలు, దాని పక్క వేలు. ఆ చప్పుడు నేను అంతకు ముందు ఒకసారి విన్నదే. నెత్తురు కంకర మీద చిమ్మింది. ఆయన ముందుకు ఒరిగి, పళ్లు బిగించి, పొడుగ్గా మూలిగాడు. పారిపోలేదు. మామ సుత్తి పక్కన పెట్టి రొప్పుతున్నాడు. నేను పైట చెంగు చింపి ఆ వేళ్లకు కడుతుంటే, ఆయన వణుకుతూ, "ఇంగ నేను చెప్పేది ఇను" అన్నాడు.

"నేను ఏ మాయా చేయలా. దారం లేదు, మంత్రం లేదు. ఊరంతా తిరిగినా, ఎవురి మీద అనుమానమో ఊరే చెప్పింది. రాళ్లు పరిచినోని మీదనే అందురికీ. కత్తెర వేలికొస మీద ఉంటే వెంట్రుకంత అదురు చాలు, చాట తిరుగుతాది. ఆ అదురు పట్టుకున్నోళ్లకు తెల్దు. తిరగద్దు తిరగద్దు అనుకుంటే ఇంకా బిరిన్నే తిరుగుతాది. నేను చాటను చూడను, మొగాలు చూస్తా. ఎవురి గుండెలో ఆ పేరు ఉండాదో వాళ్లకే కత్తెర ఇస్తా. పేరు బయట పడితే జనం బెదిరిస్తారు, వాడు భయపడి సొమ్ము ఇచ్చేస్తాడు అనుకున్నా. శానా ఊర్లలో అట్లనే జరిగినాది. దుడ్లు ఇచ్చినారు, తిన్నా."

"నా గుండెలో ఉండాదని నీకెట్ల తెలుసు?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఊరంతా నాతో మాట్లాడినారు తల్లీ. నువ్వొక్కదానివే తలుపేసుకున్నావు."

అవ్వ గుండెలో ఏ పేరూ లేదు. మామ ఎవరో కూడా ఆమెకు తెలియదు. ఇక నేను లెక్కపెట్టుకోవాల్సింది ఏముంది? మామ నన్నేమీ అడగలేదు. లేచి తువ్వాలు దులుపుకుని, "పా. ఇదే మాట శెట్టి ముందర చెప్పు" అన్నాడు.

ముగ్గురం నడిచి పోయాం. మేం పోయేటప్పటికే జనం పోగయ్యారు. గారడీ ఆయన అరుగు కింద నిలబడి ఒక్క మాట దాచకుండా అంతా చెప్పాడు. కావాలంటే ఇప్పుడే చాట తెప్పించండి, ఎవరి పేరుకు కావాలంటే వాళ్ల పేరుకు తిప్పి చూపిస్తానన్నాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కాసేపు నాకు ఆశ కలిగింది. శెట్టిగారు నెత్తురుతో తడిసిన కట్టు వైపు చూశారు. "ఆ వేండ్లకు ఏమైనాది?" అన్నారు.

"రాయి పడినాది సామీ" అన్నాడు గారడీ ఆయన.

"రాయి పడినాదా, రాళ్లు కొట్టేటోడు కొట్టినాడా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒకరు నవ్వారు. అంతే, తేలిపోయింది. దొంగే ఈయన్ను పట్టుకుని, వేళ్లు చితగ్గొట్టి, ఈ మాట చెప్పిస్తున్నాడు. కాకపోతే ఇన్నేండ్ల తర్వాత ఎందుకొస్తాడు? "మా కండ్లతో మేం చూసినామప్పా, మాకు చెప్పొస్తాండావా?" అని సంఘ పెద్ద ముందుకొచ్చాడు. మొదటి రాయి గారడీ ఆయన భుజానికి తగిలింది. మామ ఆయన్ను తన ముందుకు లాక్కుని, వీపు జనం వైపు పెట్టి, ఊరి బయటి దాకా నడిపించాడు. రాళ్లు మా వెంట వస్తూనే ఉన్నాయి. ఒకటి మామ కనుబొమ్మను చీల్చింది. ఇంకొకటి నా మోకాలికి తగిలింది. బాట చీలే చోట గారడీ ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కట్టు కట్టిన చెయ్యి సరిగ్గా ఆనలేదు. తర్వాత ఆయన్ను మేం చూడలేదు. ఆ వేళ్లతో మళ్లీ గుడ్డును మాయం చేయగలిగాడో లేదో.

ఇంటికొచ్చి మామ కనుబొమ్మ కడుగుతున్నాను. నీళ్లు ఎర్రగా కారి ఆయన మెడలోకి దిగుతున్నాయి. "మామా, చాట..." అన్నాను.

"తెలుసు పాపా."

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దే. అందురూ చాటను చూస్తాండ్రి. నేను నీ చెయ్యి చూస్తాండా. నీ పక్కనుంచే వంగినాది." రాతి అంచును చూసినట్టే ఇప్పుడు కూడా ఒక కన్ను మూసి ఉంది, నెత్తురు పడకుండా.

"మరి ఒక్క మాటైనా అన్లేదేం?"

"అంటే నువ్వు బడికి పోయేదానివా? మీయమ్మ నీ చేతి కూడు తినేదా?" కారే నెత్తురు తుడుచుకుని, "శానా దినాలు నిన్ను చూస్తే ఆ రోకలి నీ నెత్తిన ఎయ్యాలనిపించేది. అంతలోకే నువ్వు సంగటి తెచ్చి ముందర పెడ్తావు" అన్నాడు. "ఎనక వాకిలి కాడ చూసినావు గదా, అడుగుతావేమో అనుకున్నా."

"నువ్వు చెప్తావేమో అనుకున్నా మామా."

"అడుక్కున్న జొన్నలని ఎట్ల చెప్పేది?" అన్నాడు. అమ్మ బిందెతో వచ్చి, మా ఇద్దరినీ, నెత్తురు నీళ్లనూ చూసి, ఏమీ అడగకుండా పొయ్యి దగ్గరికి పోయింది.

మామ ఇంకో ముప్పై ఏండ్ల పైనే బతికాడు. పెండ్లి చేసుకోలేదు. నా పెండ్లికి ఎడమచేత్తో చెక్కిన నాపరాతి అరుగు కట్టించాడు. నా పిల్లలను భుజాన వేసుకుని తిప్పాడు. చర్చిలో మాత్రం ఆ తర్వాత గొంతెత్తలేదు. పాస్టరుగారు మారి, కొత్తగా వచ్చినాయన పాడమని అడిగినా, లోపల పాడుకుంటున్నానని చెప్పేవాడు. అవ్వ పోయింది, శెట్టిగారు పోయారు, సంఘ పెద్ద కూడా పోయాడు. చివరి రోజుల్లో సంఘ పెద్దకు మంచం మీద నీళ్లు తాగించింది మామే. ఎందుకు చేశావంటే, వాళ్లింట్లో ఎవరూ లేరు పాపా అన్నాడు.

మామను పూడ్చిన రోజున ఊరంతా వచ్చింది. నిజంగానే బాధపడ్డారు. మట్టి వేసి చేతులు కడుక్కుంటూ, ముప్పై ఏండ్లయినా నిండని ఒక పిల్లవాడు పక్కవాడితో, "దొంగైతే అయినాడు గానీ, శానా మంచోడప్పా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ప్రేమే ఉంది. నేను వాడి వైపు తిరిగి నోరు తెరిచాను. వాడికి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక మళ్లీ మూసుకున్నాను. ఆ పొద్దు కొట్టిన వాళ్లందరినీ కాలం ఒక్కొక్కరిగా తీసుకుపోయింది. వాళ్ల కోపాన్ని కూడా తీసుకుపోయింది. వాళ్లు అన్న మాటను మాత్రం, ఆ నాటికి పుట్టని పిల్లల నోట్లో భద్రంగా పెట్టి పోయింది.